బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారి కాగితం

పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు వైపున, సముద్రాన్ని ఆనుకుని వైతికుప్పం అనే జాలరిపేట ఉంది. తమిళుల మాసి నెలలో మఖ నక్షత్రం వచ్చిన రోజున, అంటే ఫిబ్రవరి-మార్చి ప్రాంతంలో, అక్కడి తీరాన పెద్ద ఉత్సవం జరుగుతుంది. దాన్ని మాసి మగం అంటారు. మైలం కొండ మీది సుబ్రహ్మణ్యస్వామి మొదలుకొని చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళ ఉత్సవ విగ్రహాలు ఆ రోజు సముద్ర స్నానానికి ఇక్కడికి తరలి వస్తాయి. సన్నని వీధులు, ఇసుక వేస్తే రాలనంత జనం. ఆ జనం మధ్య పూలతో అలంకరించిన వాహనం ఒకటి మనిషి నడకంత వేగంతో కదులుతూ ఉంటుంది. ఆ సమయంలో దాని ఇంజనుకు ఎన్ని గుర్రాల బలం ఉందో ఎవరికీ అక్కర్లేదు. డ్రైవరు కాలు పెట్టగానే అది ఆగుతుందా, ఆగదా అన్నదే ప్రశ్న.

ఆ పేటకు దగ్గరలో నివాసముంటున్న మిత్రుడొకాయనది యానాం. ఆయన పాత కారుకు పదిహేనేళ్ళు నిండాయి. రిజిస్ట్రేషను పొడిగించుకోవాలంటే బండిని తనిఖీ చేయించాలి కదా! ముందు జాగ్రత్తగా ఒకచోట యంత్రం మీద బ్రేకులు పరీక్ష చేయించి, ఆ కాగితం నాకు చూపించారు.

"పాసని రాసుందండి. ఇంక ఈ అంకెలన్నీ మనకెందుకండీ?" అన్నారాయన.

కాగితం మీద నాలుగు చక్రాలకు నాలుగు అంకెలు, వాటి కింద కొన్ని శాతాలు ఉన్నాయి. ముందు చక్రాల అంకెలు దాదాపు సమానం. వెనక చక్రాల్లో మాత్రం కుడివైపు అంకె ఎడమదానికంటే బాగా తక్కువ. తేడా హద్దులోపలే ఉంది కనుక యంత్రం పాసు చేసింది. కానీ ఆ అంకె ఏదో చెబుతోంది. ఏం చెబుతోంది? అది తెలియాలంటే ఆ శాతాలు ఎక్కడి నుంచి వచ్చాయో, వాటి వెనక ఎంత చరిత్ర ఉందో తెలుసుకోవాలి.

జనం పెట్టిన పేరు

మోటారు వాహనాలను తనిఖీ చేసే అధికారి ప్రభుత్వ హోదా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. కానీ మన ఊళ్ళలో ఆయన్ని ఆ పేరుతో పిలిచేవారు తక్కువ. "బ్రేక్ ఇన్‌స్పెక్టరు గారు" అనే అంటారు. తమిళనాట కూడా ఇదే వాడుక. ఆ అధికారి దీపాలు చూస్తారు, హారను చూస్తారు, టైర్లు చూస్తారు, పొగ సంగతి చూస్తారు. అయినా జనం ఒక్క బ్రేకునే పట్టుకుని ఆయనకు పేరు పెట్టారంటే, బండి తనిఖీలో ఏది ముఖ్యమో వారికి బాగా తెలుసన్నమాట!

పాత రోజుల్లో ఈ తనిఖీ ఎలా జరిగేది? ఇన్‌స్పెక్టరు బండి ఎక్కి కొంత దూరం నడిపి లేదా నడిపించి, ఒక్కసారిగా బ్రేకు వేయించేవారు. బండి ఎంత దూరంలో ఆగింది, పక్కకు లాగిందా, చక్రాల జాడలు ఎలా పడ్డాయి అన్నది కంటితో చూసి నిర్ణయించేవారు. అనుభవమున్న కన్ను గొప్పదే. కానీ ఇద్దరి అనుభవం ఒక్కలా ఉండదు. వానపడిన రోడ్డు, ఎండిన రోడ్డు ఒక్కటి కావు. అందుకే కంటి అంచనా స్థానంలో కొలతను తీసుకురావలసి వచ్చింది. ఈ ప్రయాణానికి వందేళ్ళకు పైగా పట్టింది.

ఘర్షణకు లెక్క దొరికింది

డచ్చివారు పుదుచ్చేరిని ఫ్రెంచివారికి తిరిగి అప్పగించినది 1699లో. అదే సంవత్సరం పారిస్‌లో గియోమ్ అమోంతోన్ అనే శాస్త్రజ్ఞుడు ఘర్షణ గురించి తన ఫలితాలను అక్కడి శాస్త్ర అకాడమీకి వినిపించాడు. రెండు వస్తువుల మధ్య ఘర్షణ బలం వాటిని ఒకదానికొకటి అదిమే బలానికి అనులోమానుపాతంలో ఉంటుందని, తాకే వైశాల్యం మీద ఆధారపడదని ఆయన చెప్పాడు. 1785లో ప్రచురితమైన కూలుంబ్ పరిశోధన దీన్ని మరింత గట్టిపరిచింది. విద్యుత్తు పాఠాల్లో మీరు చదివే కూలుంబ్ ఈయనే.

ఈ చిన్న సూత్రమే బ్రేకు పరీక్షకు పునాది. రోడ్డు మీద టైరుకు దొరికే పట్టు ఆ చక్రం మీద పడే బరువును బట్టి ఉంటుంది. బరువు రెట్టింపయితే పట్టు కూడా దాదాపు రెట్టింపు కాగలదు. అందువల్ల "ఈ బండి బ్రేకు బలం 600 కిలోలు" అని చెబితే ఏమీ తెలియదు. 1,000 కిలోల కారుకు అది చక్కని బ్రేకు. 6,000 కిలోల లారీకి అది బ్రేకే కాదు. బలాన్ని బరువుతో పోల్చి చెప్పాలి. కాగితం మీద శాతం రావడానికి కారణం అదే.

ఫ్రెంచి పాలనలో పుదుచ్చేరి వీధుల్లో పూస్‌పూస్ అనే విచిత్రమైన బండి తిరిగేది. దొరగారు ముందు కూర్చుని పిడి పట్టుకుని దారి తిప్పుతుంటే, మనిషి వెనక నుంచి తోసేవాడు. మనిషి పరుగును మించని వేగం, చదునైన వీధి. అటువంటి బండికి బ్రేకు శాతాలు ఎవరు లెక్కిస్తారు? అవసరం వేగంతోనే వచ్చింది. ఎందుకంటే గతిజశక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం రెండింతలయితే ఆపవలసిన శక్తి నాలుగింతలు. ఈ పాఠాన్ని ప్రపంచానికి మొదట నేర్పినది రైలు.

రైలు నేర్పిన పాఠం

1878లో ఇంగ్లండులో బ్రైటన్ రైలు మార్గం మీద కొన్ని అపూర్వ ప్రయోగాలు జరిగాయి. కెప్టెన్ డగ్లస్ గాల్టన్, గాలి బ్రేకును కనిపెట్టిన జార్జ్ వెస్టింగ్‌హౌస్ కలిసి, బలాన్ని కొలిచే పరికరాలు అమర్చిన ప్రత్యేక పెట్టెను రైలుకు తగిలించి పరుగెత్తించారు. బ్రేకు దిమ్మ చక్రాన్ని ఎంత బలంతో నొక్కుతోంది, చక్రం ఎంత బలంతో ఎదిరిస్తోంది అన్నవాటిని వేర్వేరు వేగాల వద్ద నమోదు చేశారు. బ్రేకును అంచనా వేయడం మాని, కొలవడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఇది ముఖ్యమైన ఘట్టం.

వారికి రెండు సంగతులు తేలాయి. ఒకటి, వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఇనుప దిమ్మకు, చక్రానికి మధ్య ఘర్షణ తగ్గుతోంది. అంటే ఎక్కువ పట్టు కావలసిన సమయంలోనే అది తక్కువగా దొరుకుతోంది! రెండు, చక్రం పూర్తిగా బిగుసుకుని పట్టాల మీద జారడం మొదలైతే ఆపే బలం పెరగకపోగా బాగా పడిపోతోంది. చక్రం బిగుసుకోవడానికి కాస్త ముందున్న స్థితిలోనే బ్రేకు అత్యధికంగా పనిచేస్తుంది. సరిగ్గా వందేళ్ళ తరువాత, 1978లో, చక్రం బిగుసుకోకుండా కాపాడే ఎలక్ట్రానిక్ ఏబీఎస్ బ్రేకులు కార్లలోకి వచ్చాయి. వాటి వెనక ఉన్న సూత్రం ఇదే.

కొలత ఉన్నంత మాత్రాన అది వెంటనే చట్టం కాదు. అందుకు తరచు ఒక విషాదం జరగవలసి వస్తుంది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర పిల్లలు, పెద్దలు కిక్కిరిసిన విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది రైలును రెండు ముక్కలు చేసి, ముందు భాగాన్ని తీసుకుపోదామనుకున్నారు. విడదీసిన వెనక పెట్టెలకు ఇంజనుతో నడిచే బ్రేకు తెగిపోయింది. వాటిని పట్టి ఉంచడానికి ఒక చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్ళు మాత్రమే మిగిలాయి. అవి చాలలేదు. పెట్టెలు వాలులో వెనక్కి దొర్లి, వస్తున్న మరో రైలును ఢీకొన్నాయి. 80 మంది మరణించారు. వారిలో పిల్లలూ ఉన్నారు. బ్రేకు గొట్టం తెగితే బ్రేకు వదిలిపోకుండా తనంతట తాను పడే ఏర్పాటు ప్రయాణికుల రైళ్ళకు తప్పనిసరి అని ఆ ఏడాదే చట్టం వచ్చింది.

రెండు చక్రాల నుంచి నాలుగు చక్రాలకు

రోడ్డు మీది బండ్ల కథ వేరు. గుర్రపు బండ్లకు చక్రం పట్టా మీద కట్టె దిమ్మను నొక్కేవారు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక ఆ పద్ధతి కుదరలేదు. దిమ్మ నొక్కితే రబ్బరు చిరిగిపోతుంది. బ్రేకును చక్రం అంచు నుంచి చక్రం లోపలికి మార్చవలసి వచ్చింది. 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించాడు. అదే ఏడాది ఇంగ్లండులో లాంచెస్టరు డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. మొదటిది వెంటనే పాకింది. రెండోది కార్లలో స్థిరపడడానికి అర్ధ శతాబ్దం పట్టింది.

లోపల రాపిడికి ఏ పదార్థం వాడాలి? హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆంగ్లేయుడు కొండ దారిలో బండ్లు దించేవారు బ్రేకు దిమ్మకు పాత బూట్ల తోలు మేకులతో కొట్టుకోవడం గమనించి, అంతకంటే మేలైన పూత కోసం ప్రయత్నించి, 1897లో బ్రేకు లైనింగుల తయారీకి పూనుకున్నాడు. తరువాత వేడికి తట్టుకుంటుందని ఆస్బెస్టాస్ కలిపిన లైనింగులు దశాబ్దాల పాటు రాజ్యమేలాయి. ఆ ధూళి ఊపిరితిత్తుల వ్యాధులకు, క్యాన్సరుకు దారితీస్తుందని తేలాక అనేక దేశాలు దాన్ని నిషేధించాయి.

మొదట్లో చాలా కార్లకు వెనక చక్రాలకే బ్రేకులుండేవి. ముందు చక్రాలకు బ్రేకు వేస్తే బండి అదుపు తప్పుతుందని భయం. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. ముందు చక్రాల్లో ఎడమ ఒకలా, కుడి ఒకలా పట్టుకుంటే బండి నిజంగానే పక్కకు తిరుగుతుంది. కడ్డీలతో, తీగలతో లాగే బ్రేకుల్లో ఈ సమానత్వం సాధించడం కష్టం. దీనికి పరిష్కారం మీరు భౌతికశాస్త్రంలో చదివే పాస్కల్ సూత్రంలో ఉంది. మూసిన ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని చోట్లకూ సమానంగా చేరుతుంది. 1917లో అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ ద్రవంతో నడిచే బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ద్రవపు బ్రేకులతో వచ్చింది. అటువంటి కార్లు ఎంత త్వరగా ఆగేవంటే, వెనక వచ్చేవారిని హెచ్చరించడానికి బ్రిటన్‌లో కొన్నింటి వెనక ఎర్ర త్రికోణం గుర్తు తగిలించేవారు!

బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది. బస్సులో నిలబడ్డ మనం ముందుకు తూలినట్టే, కారు బరువు కూడా ముందు చక్రాల మీదికి మారుతుంది. అమోంతోన్ సూత్రం ప్రకారం అక్కడే ఎక్కువ పట్టు దొరుకుతుంది. అందుకే పరీక్ష కాగితం మీద ముందు చక్రాల అంకెలు వెనక వాటికంటే పెద్దవిగా ఉంటాయి. అది లోపం కాదు, ఉండవలసిన తీరే.

దూరం నుంచి బలానికి

బండ్లు పెరిగాయి, వాటితో ప్రమాదాలూ పెరిగాయి. జర్మనీ 1951లో కార్లకు నిర్ణీత కాలానికొకసారి తనిఖీ తప్పనిసరి చేసింది. బ్రిటన్‌లో 1960 సెప్టెంబరు 12న పదేళ్ళు దాటిన బండ్లకు పరీక్ష మొదలయింది. మొదట చూసినవి మూడే: బ్రేకులు, దీపాలు, స్టీరింగు. 1967 నాటికి మూడేళ్ళు దాటిన బండ్లన్నీ దాని పరిధిలోకి వచ్చాయి. ఫ్రాన్సు 1992లో కార్లకు ఇటువంటి తనిఖీని నిర్బంధం చేసింది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం మొదట 1914లో, తరువాత 1939లో, ఆపైన 1988లో వచ్చింది. ఈ చివరిది 1989 జూలై 1 నుంచి అమలులో ఉంది. 1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన మన చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న ఆ బదిలీ చట్టరీత్యా పూర్తయింది. ఇప్పుడు పుదుచ్చేరిలోని పీవై-01 బండికైనా, యానాంలోని పీవై-04 బండికైనా, హైదరాబాదు బండికైనా కేంద్ర చట్టం ఒక్కటే. బస్సు, లారీ, టాక్సీ వంటి రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ళ వయసు వరకు రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. సొంత కారుకు పదిహేనేళ్ళు నిండాక తనిఖీ జరిపి అయిదేళ్ళకు పొడిగిస్తారు. పరీక్షలను యంత్రాల మీద జరిపే ఆటోమేటెడ్ కేంద్రాలకు సంబంధించి 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది.

ఇక కొలిచే పద్ధతుల సంగతి. మొదటిది, ఫలానా వేగం నుంచి ఎంత దూరంలో ఆగిందో టేపుతో కొలవడం. రెండోది, లోలకం. బ్రిటన్‌లో టాప్లీ మీటరు అనే పరికరం పేరు పొందింది. నూనె నిండిన డబ్బాలో ఒక లోలకం ఉంటుంది. బ్రేకు వేయగానే లోలకం ముందుకు ఊగి, బండి ఎంత తీవ్రంగా మందగించిందో ముల్లుతో చూపుతుంది. ఈ మందగింపును గురుత్వ త్వరణంతో పోల్చి శాతంలో చెబుతారు. సెకనుకు సెకనుకు 9.8 మీటర్ల చొప్పున వేగం తగ్గితే 100 శాతం, 4.9 మీటర్ల చొప్పున తగ్గితే 50 శాతం.

మూడోది, ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది, రోలర్ల యంత్రం. నేలలో అమర్చిన జంట రోలర్ల మీద చక్రాలను ఎక్కిస్తారు. కారు కదలదు. మోటార్లు రోలర్లను, రోలర్లు చక్రాలను నెమ్మదిగా, గంటకు 5 కిలోమీటర్లకు అటూ ఇటూగా తిప్పుతాయి. బ్రేకు వేయగానే చక్రం రోలరును ఎదిరిస్తుంది. ఆ ఎదురుబలాన్ని యంత్రం ఏ చక్రానికి ఆ చక్రం విడిగా కొలుస్తుంది. చక్రం బిగుసుకుని జారబోతే, టైరు అరగకుండా రోలర్లు ఆగిపోతాయి. టేపు, లోలకం బండి మొత్తానికి ఒకే సమాధానం చెబుతాయి. రోలర్లు నాలుగు చక్రాలనూ విడివిడిగా పలికిస్తాయి.

కాగితం చదవడం ఎలా?

లెక్కకు సులువుగా ఉండేటట్టు ఒక కాగితాన్ని ఊహించుకుందాం. కారు బరువు 1,000 కిలోలు. బ్రేకు బలాలు ఇలా ఉన్నాయి: ముందు ఎడమ 210, ముందు కుడి 200, వెనక ఎడమ 110, వెనక కుడి 70 కిలోల బలం. యంత్రం న్యూటన్లలో చూపితే ఒక కిలో బలానికి 9.8 న్యూటన్లని గుర్తుంచుకోండి.

మొదటి ప్రశ్న: మొత్తం ఎంత? నాలుగూ కలిపితే 590. దాన్ని బరువుతో భాగిస్తే 59 శాతం. దీన్నే బ్రేకు సామర్థ్యం అంటారు. ఐరోపా నిబంధనలో 2012 నుంచి నమోదైన కార్లకు కనీసం 58, అంతకు ముందువాటికి 50 శాతం ఉండాలి. ఆ లెక్కన మన కారు నెగ్గినట్టే.

రెండో ప్రశ్న: సమానమేనా? ఒకే ఇరుసు మీది రెండు చక్రాల తేడాను, వాటిలో పెద్ద అంకెతో భాగించాలి. ముందు ఇరుసు: 10ని 210తో భాగిస్తే సుమారు 5 శాతం. చాలా బాగుంది. వెనక ఇరుసు: 40ని 110తో భాగిస్తే 36 శాతం. ఐరోపా నిబంధనలో ఇది 30 దాటకూడదు. కారు తప్పింది! మొత్తం మార్కులు బాగానే వచ్చినా ఒక సబ్జెక్టులో తప్పిన విద్యార్థి పరిస్థితి ఇదే. తడిసిన రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఈ తేడా బండిని అడ్డంగా తిప్పగలదు.

మూడో ప్రశ్న: చేతి బ్రేకు ఎంత? ఐరోపాలో దీనికి కనీసం 16 శాతం చాలు. అంటే వాలు వెంట 6 మీటర్లు నడిస్తే సుమారు ఒక మీటరు ఎత్తు పెరిగే దారిలో బండిని దొర్లకుండా నిలపగలగాలి. ఆర్మాలో లోపించింది ఈ నిలిపే బలమే.

ఇవి కాక మరి రెండు సంగతులు యంత్రం చూపవచ్చు. పెడల్ తొక్కకుండానే ఒక చక్రం రోలరును ఎదిరిస్తుంటే, అక్కడ బ్రేకు వదలకుండా రాసుకుంటోందన్నమాట. పెడల్ ఒకే బలంతో తొక్కి ఉంచినా అంకె క్రమంగా పైకీ కిందికీ ఊగుతుంటే, డ్రమ్ము గుండ్రతనం కోల్పోయిందో, డిస్కు వంకర పోయిందో చూడాలి.

ఈ శాతాలను దూరంలోకి మార్చడం కూడా మీకు తెలిసిన సూత్రమే. వేగం వర్గాన్ని మందగింపుకు రెట్టింపుతో భాగించాలి. గంటకు 50 కిలోమీటర్లంటే సెకనుకు 13.9 మీటర్లు. 58 శాతం బ్రేకుతో ఆ బండి సుమారు 17 మీటర్లలో ఆగుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అయితే అది 34 కాదు, 68 మీటర్లు. డ్రైవరు కాలు పెడల్ మీదికి చేరే లోపల సాగే దూరం దీనికి అదనం.

కాగితం చెప్పని సంగతులు

ఇంత చెప్పే కాగితం కొన్ని సంగతులు చెప్పదు. రోలర్లు నెమ్మదిగా తిరుగుతాయి కనుక బ్రేకు వేడెక్కితే ఏమవుతుందో అక్కడ కనబడదు. 15 టన్నుల బస్సు 100 మీటర్ల ఎత్తు నుంచి కొండ దిగిందనుకోండి. దాని స్థితిజశక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అదంతా వేడిగా మారితే సుమారు 50 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థితికి తేగలదు. గేరు తగ్గించి దిగితే ఇందులో కొంత ఇంజను పంచుకుంటుంది. లేకపోతే బ్రేకులే మోయాలి. డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. ద్రవంతో నడిచే బ్రేకుల్లో, గాలిలోని తేమను పీల్చుకున్న పాత ద్రవం మరిగి బుడగలు కట్టవచ్చు. అప్పుడు పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, పీడనం మాత్రం చక్రానికి చేరదు.

బరువు సంగతి కూడా అంతే. సామర్థ్యం ఒక భిన్నమని చూశాం. లవంలో బ్రేకు బలం, హారంలో బరువు. పెడల్ మీద అదే ఒత్తిడి ఉండి బండి బరువు ఒకటిన్నర రెట్లయితే 58 శాతం 39కి దిగుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి ఆగే దూరం 17 మీటర్ల నుంచి 25 దాటుతుంది. బ్రేకులో ఏ లోపమూ లేకుండానే!

2018 సెప్టెంబరు 11న తెలంగాణలో జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. సీట్లకు ఎంతో మించి, వంద మందికి పైగా అందులో ఉన్నారని, బ్రేకులు పట్టలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి. వాలు, బరువు, బ్రేకు — ఈ మూడూ ఒకచోట కలిస్తే ఎంత ప్రమాదమో ఆర్మా నాటి నుంచి మనకు తెలుసు. పరీక్ష చేసిన రోజున, ఆ బరువుతో, చల్లగా ఉన్న బ్రేకు ఎలా ఉందో మాత్రమే సర్టిఫికెట్ చెబుతుంది. మిగతాది రోజూ బండి చూసుకునేవారి మీద, ఎంతమందిని ఎక్కించాలో నిర్ణయించేవారి మీద, ఎక్కే మన మీద కూడా ఆధారపడి ఉంటుంది.

మీరే చేసి చూడండి

వాహనాలు తిరగని ఆటస్థలంలో ఒక గీత గీయండి. పెద్దలెవరినైనా దగ్గర ఉంచుకుని, సైకిలును పరుగుకు మించని వేగంతో తెచ్చి, గీత దగ్గర వెనక బ్రేకు మాత్రమే వేసి ఆగిన దూరం కొలవండి. తరువాత అదే వేగంతో రెండు బ్రేకులూ కలిపి, నెమ్మదిగా వేసి కొలవండి. ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టవద్దు, బోల్తా పడతారు. ప్రతి దానికీ అయిదేసి సార్లు చేసి సగటు తీయండి. ఆ తరువాత వెనక క్యారియరు మీద పుస్తకాల సంచి కట్టి మళ్ళీ చేయండి. ఏ దూరం ఎంత మారింది? ఎందుకు మారింది? నోటుపుస్తకంలో రాసుకోండి.

యానాం మిత్రుడి కారు సంగతి చెప్పనే లేదు కదూ! ఆయన కాగితంలో వెనక కుడి చక్రం అంకె చూపించి, ఒకసారి డ్రమ్ము విప్పించమన్నాను. అయిష్టంగానే విప్పించారు. లోపల చక్రం సిలిండరు దగ్గర బ్రేకు ద్రవం సన్నగా కారి లైనింగును తడుపుతోంది. కొన్నాళ్ళు పోతే తేడా హద్దు దాటేది. అది ముందుగా యంత్రం మీద దాటేదో, సముద్రపు ఒడ్డు రోడ్డు మీద జనం మధ్య దాటేదో చెప్పలేం.

ఆయన సిలిండరు, రెండు వైపులా లైనింగులు మార్పించి మళ్ళీ పరీక్ష చేయించుకున్నారు. ఈసారి నాకు ఫోను చేసి పాసయిందని చెప్పలేదు.

"వెనక రెండూ దగ్గర దగ్గరగా వచ్చాయండి" అన్నారు.